త్రేన్పు రాని అతిథి

అనగా అనగా, సముద్రమంటే ఏమిటో తెలియని ఒక రాజ్యం. పేరు మెట్టసీమ. ఎటు చూసినా ఎర్రమట్టి, కందిచేలు, రాళ్లగుట్టలు. నీళ్లంటే బావిలో నీళ్లే. చేపని ఆ రాజ్యంలో ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఒకసారి పొరుగుదేశం వాడెవడో చేప బొమ్మ గీసి చూపిస్తే, "పాపం, కాళ్లు గీయడం మరిచిపోయాడు" అనుకున్నారు.

ఆ రాజ్యానికి గజపాలుడని ఒక రాజు. రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు విజయపాలుడు. రెండోవాడు అజయపాలుడు. మూడోవాడు పుట్టేసరికి పేర్లు వెతికే ఓపిక అయిపోయి చినపాలుడు అనేసి ఊరుకున్నారు. పెద్దవాడికి బలం ఎక్కువ. రెండోవాడికి చదువు ఎక్కువ. మూడోవాడికి ప్రశ్నలు ఎక్కువ. "అదేమిటి? ఇదెందుకు? అలా కాకపోతే ఏమవుతుంది?" అని అడిగి అడిగి చంపేవాడు. సభలో అతను వస్తున్నాడంటే మంత్రిగారు స్తంభం చాటుకి వెళ్లిపోయేవారు.

మెట్టసీమలో అన్నిటికన్నా పెద్ద ఆచారం అతిథి మర్యాద. కోటలో అడుగుపెట్టిన అతిథి కడుపునిండా తినాలి. తిని త్రేన్చాలి. ఆ త్రేన్పు కాపలా వీరన్న చెవిన పడాలి. అప్పుడుగాని గుమ్మం తలుపు తెరుచుకోదు. పూర్వం ఒక రాజు మెట్టసీమ మీదికి యుద్ధానికొచ్చి, ముందు భోంచెయ్యమంటే సరేనని కూర్చుని, రెండు రోజులైనా త్రేన్పు రాక, చివరికి సంధిపత్రం రాసిచ్చి పోయాడట. వంటశాలకి పెద్ద పేరిందేవి. ఆమె "ఇంకొంచెం వేసుకో బాబూ" అందంటే పులి కూడా వేసుకోవాల్సిందే.

ఒకరోజు పెద్ద గాలివాన వచ్చింది. చూరులు ఎగిరిపోయాయి, కందిచేలు పడిపోయాయి. తెల్లారి వాన వెలిశాక చూస్తే కోట ముంగిట ఒక పక్షి. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, చివర వంపు తిరిగిన ముక్కు. కాళ్లు మాత్రం ఒంటికి మరీ వెనగ్గా ఉన్నాయి. వేళ్లన్నీ తోలుతో కలిపి కుట్టినట్టున్నాయి. లేచి నిలబడబోయి బోర్లాపడింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది.

పెద్ద రాజకుమారుడు వచ్చి చూసి మీసం మెలేశాడు. "ఇది యుద్ధపక్షి. ఎగరడం మరిచిపోయింది, అంతే. ఎత్తునుంచి వదిలితే అదే గుర్తొస్తుంది" అని కోటగోడ ఎక్కి విసిరాడు. మొదటిసారి గడ్డివాములో పడింది. రెండోసారి కూడా గడ్డివాములోనే పడింది. మూడోసారి మంత్రిగారి మీద పడింది.

రెండో రాజకుమారుడు వచ్చి తాటాకులు తిరగేశాడు. "ఇది రాజహంస. పాలూ నీళ్లూ కలిపి పెడితే పాలు తాగి నీళ్లు వదిలేస్తుంది" అని వెండిగిన్నె తెప్పించాడు. పక్షి ఆ గిన్నెలో రెండు కాళ్లూ పెట్టుకుని కూర్చుంది. కాళ్లకి తడి తగిలిందని కాస్త సంతోషించినట్టు కూడా కనిపించింది. "దీని గురించి ఇంకో గ్రంథం చూడాలి" అని అజయపాలుడు వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

పేరిందేవి విస్తరి వేసింది. ముద్దపప్పు, గోంగూర, మునక్కాడల పులుసు, అప్పడాలు, పేరునెయ్యి. పక్షి ముట్టలేదు. రెండోరోజు వేసింది, ముట్టలేదు. మూడోరోజుకి పక్షి మెడ వాలిపోయింది. "దీన్ని ఎక్కడైనా వదిలేద్దాం" అని ఎవరో అంటే, కాపలా వీరన్న చెవి మీద చెయ్యి పెట్టుకుని విని, "త్రేన్పు రాలేదండీ. పంపడం కుదరదు" అన్నాడు.

అప్పుడు చినపాలుడు వచ్చి దాని ముందు నేలమీద చతికిలబడ్డాడు. వాలిన మెడ కింద అరచెయ్యి ఆనించాడు.

"నీకేం కావాలి?" అని అడిగాడు.

పక్షి ఒక కన్ను తెరిచింది. "హమ్మయ్య! మూడు రోజులకి ఒక్కడు అడిగాడు."

చినపాలుడు ఎగిరిపడ్డాడు. "నువ్వు మాట్లాడతావా! మరి ఇన్నాళ్లూ మాట్లాడలేదేం?"

"అడిగితేగా! మీ పెద్దన్న విసిరాడు. మీ రెండో అన్న పరీక్ష పెట్టాడు. ఆవిడ నెత్తిన నెయ్యి పోసినంత పని చేసింది. నీకేం కావాలమ్మా అని అడిగిన పుణ్యాత్ముడు లేడు. నాకు సముద్రం కావాలి."

"సముద్రమంటే ఏమిటి? ఎలా ఉంటుంది?"

"మీ బావి ఉందా? దాని గట్లు తీసేసి, అడుగు తీసేసి, అవతలి ఒడ్డు కూడా తీసేసి, ఉప్పు పొయ్యి. అలా ఉంటుంది. నేను నీళ్లమీద నాలుగు గంతులు పరిగెత్తితేగాని గాలిలోకి లేవలేను. నేలమీద నేనూ ఒకటే, మీ రుబ్బురోలూ ఒకటే. తిండి కూడా నీళ్లలో మునిగి పట్టుకున్నదే దిగుతుంది. ఇంకో మూడు రోజుల్లో నన్ను నీళ్లలో దింపకపోతే నా పని అయిపోయినట్టే."

"నేను దింపుతాను" అన్నాడు చినపాలుడు.

"మాటేనా?"

"మాట."

అన్నాడో లేదో, కోట వాకిట్లో దబదబా చప్పుడైంది. మోకాళ్ల దాకా గడ్డం, తలకాయంత రుద్రాక్షలు, చేతిలో వంకర కర్రతో ఘోరఘంటుడనే మాంత్రికుడు వచ్చి నిలబడ్డాడు. "నా పక్షి! నా పక్షిని నాకిస్తారా, లేక మీ అందర్నీ రాళ్లు చెయ్యమంటారా?" అని గర్జించాడు.

రాజు గజపాలుడు సింహాసనం వెనక్కి వెళ్లి, "మాట్లాడుకుందాం బాబూ" అన్నాడు.

మాంత్రికుడు కర్ర ఎత్తాడు. సరిగ్గా అప్పుడే వంటశాలలోంచి పోపు వాసన వచ్చింది. కర్ర కొద్దిగా కిందికి దిగింది. నిజం చెప్పాలంటే ఆ మాంత్రికుడు మూడు రోజులుగా తింటూనే ఉన్నాడు, అయినా ఆకలి చావడం లేదు. పేరిందేవి గరిటెతో బయటికొచ్చి, "అరుపులు తర్వాత. ముందు కాళ్లు కడుక్కో బాబూ" అంది. ఘోరఘంటుడు అటూ ఇటూ చూసి కాళ్లు కడుక్కున్నాడు. విస్తరి ముందు కూర్చున్నాడు.

చినపాలుడు తన ఒళ్లో ఉన్న పక్షిని మెల్లిగా అడిగాడు. "వీడికి నీతో ఏం పని?"

"వాడి ప్రాణం నా పొట్టలో ఉంది."

"మాంత్రికుల ప్రాణాలు చిలకల్లో కదా ఉంటాయి?"

"ఆ సంగతి ఇప్పుడు ప్రతి రాజకుమారుడికీ తెలిసిపోయిందటగా! వీడి మేనమామ చిలకతోనే పోయాడు, బాబాయి చిలకతోనే పోయాడు. అందుకని వీడు తెలివిగా, నేలమీద వాలని పక్షి అయితే ఎవరికీ చిక్కదని, సముద్రం మీద వలేసి నన్ను పట్టాడు. ప్రాణం నాలో పెట్టాడు. పెట్టినవాడు వదిలెయ్యొచ్చుగా? భయం! ఆకలీ దాహం తెలియని మంత్రం కట్టిన ఇనపపంజరంలో చుక్క నీరు తగలకుండా మూడేళ్లు ఉంచాడు. మొన్న గాలివానకి తలుపు ఊడింది, నేను కొట్టుకొచ్చి మీ మెట్టలో పడ్డాను. నాకు ఆకలైతే వాడికి ఆకలి. నేను తుమ్మితే వాడికి తుమ్ము. నా పొట్ట ఖాళీగా ఉన్నంతసేపూ వాడు గాదెలు తిన్నా నిండదు."

చినపాలుడి కళ్లు మెరిశాయి. "అంటే వాడికి త్రేన్పు రాదు! త్రేన్పు రాకపోతే వీరన్న తలుపు తియ్యడు! మరి మంత్రం వేసి తీయించుకుంటే?"

"అన్నం తింటున్న ఇంటిమీద మంత్రం వేస్తే అది తిరిగొచ్చి వేసినవాడికే తగులుతుంది. వాడికా సంగతి బాగా తెలుసు. ఇంటి బయట మాత్రం ఏమైనా చేస్తాడు, జాగ్రత్త!"

చినపాలుడు పక్షిని వెదురుబుట్టలో పెట్టి, తడిగుడ్డ కప్పి, ముట్టని విస్తరి కూడా మడిచి అందులోనే పెట్టి, గుమ్మం దగ్గరికి నడిచాడు. వీరన్న బల్లెం అడ్డం పెట్టాడు. "చినబాబూ, అతిథికి త్రేన్పు రాలేదు."

"భోజనమే అవలేదు వీరన్నా, త్రేన్పెక్కడిది? విస్తరి ఇదిగో, ఇంకా ఎత్తలేదు. ఒక వంటకం తక్కువైంది. అది సముద్రంలో ఉందట. అతిథికి కావలసింది వడ్డించకుండా కూర్చోబెట్టడం మన మర్యాదేనా?"

వీరన్న చాలాసేపు ఆలోచించాడు. అతని జన్మలో అంతసేపు ఎప్పుడూ ఆలోచించలేదు. చివరికి, "వడ్డన మధ్యలో ఉంటే నేను ఆపకూడదు" అని బల్లెం తీశాడు.

ఇలాంటి కథల్లో రాజకుమారులు ఏడు సముద్రాలు దాటుతారు. మన చినపాలుడికి మొదటి సముద్రం చేరడమే గగనమైంది. బుట్ట నెత్తిన పెట్టుకుని కనపడ్డవాళ్లనల్లా "సముద్రం ఎటు?" అని అడుగుతూ ఒక మెట్ట దాటాడు, రెండో మెట్ట దాటాడు, మూడో మెట్ట దాటాడు. ఆగిన చోటల్లా గుడ్డ తడిపేవాడు.

ఇక్కడ భోజనశాలలో జరిగింది అతనికి తర్వాత పేరిందేవి చెప్పింది. ఘోరఘంటుడు పన్నెండో వాయి అన్నం తింటూ, "నా పక్షి ఏది?" అన్నాడట. "చినబాబు దానికి కూర కోసం తీసుకెళ్లాడు, నువ్వు తిను" అందట ఆమె. అతనికి కోపం ముంచుకొచ్చి, మంచినీళ్ల చెంబులోకి చూసి, చినపాలుడు నడుస్తున్న దారి కనిపెట్టి, ముళ్లడవి మంత్రం మొదలుపెట్టాడు.

దారిలో చినపాలుడికి రాయి తగిలింది. తూలాడు. బుట్ట ఎగిరిపడింది, బుట్టలో పక్షికి వెక్కిళ్లు వచ్చాయి. మంత్రం సగంలో ఉండగా మాంత్రికుడికీ వెక్కిళ్లు వచ్చాయి. సగంలో తెగిన మంత్రం ఏం చెయ్యాలో తెలియక, చెప్పినవాడి విస్తట్లో ఏముంటే అదైపోతుంది. చినపాలుడి ఎదురుగా నేల చీల్చుకుని బారెడు బారెడు మునక్కాడలు మొలిచాయి. అతను వాటిని పక్కకి తప్పిస్తూ, "ఇవి ఇక్కడెందుకున్నాయి?" అని అడిగాడు.

"వాడి పనే. ఇక కళ్లు తెరిచి నడువు" అంది పక్షి.

నాలుగో మెట్ట దాటాడు, ఐదో మెట్ట దాటాడు. ఈసారి ఆకాశమంత అగ్నిగోడ లేవబోతూ ఎదురుగా ఎర్రటి పొగ కమ్మింది. "తొందరగా! నా ముక్కులో గడ్డిపరక పెట్టు!" అంది పక్షి. చినపాలుడు పెట్టాడు. పక్షి తుమ్మింది. అక్కడ మాంత్రికుడు పప్పన్నం ఎగిరేలా తుమ్మాడు. పొగ తొలిగితే, తాటిచెట్టంత ఎత్తున అప్పడాల గోడ! చినపాలుడు భుజం పెట్టి కరకరలాడించుకుంటూ నడిచి, రెండు తిని, పేరిందేవి చెయ్యి గుర్తుపట్టాడు.

ఆరో మెట్ట దాటాడు, ఏడో మెట్ట ఎక్కాడు. ఎక్కి నోరు తెరిచాడు. అటువైపు భూమి లేదు. నీలం, అంతా నీలం, కదులుతున్న నీలం. "దీనికి అవతలి ఒడ్డు ఏది?" అని అడిగాడు. బుట్టలోంచి జవాబు రాలేదు. గుడ్డ తీశాడు. పక్షి కళ్లు మూసుకుని పడివుంది. ముక్కు దగ్గర గడ్డిపరక పెట్టినా తుమ్మలేదు. గుండెమీద వేలు పెడితే ఎక్కడో లోపల టుకటుకమంటోంది. చినపాలుడికి భయం వేసింది. మాటిచ్చి మోసం చేసినవాడినవుతానేమోనని భయం. అంతకన్నా, ఆ చిన్న చప్పుడు తన వేలికిందే ఆగిపోతుందేమోనని భయం. ఒక్క పరుగున ఇసుకలోకి దిగాడు.

పక్షికి తుమ్మే ఓపిక పోయింది కాబట్టి, అక్కడ మాంత్రికుడు మూడో మంత్రం అక్షరం తప్పకుండా పూర్తి చేశాడు. చినపాలుడు ముందుకి ఒక అడుగు వేశాడు. సముద్రం వెనక్కి ఒక అడుగు వేసింది. పది అడుగులు పరిగెత్తాడు. పది అడుగులు వెనక్కి పోయింది. వంద అడుగులు పరిగెత్తితే వంద అడుగులు పోయింది. అతను తడిబురదలో కూలబడి ఏడ్చేశాడు.

"ఓయ్ అబ్బాయ్! నా ఇంటిమీద కూర్చుని ఏడుస్తున్నావు, కాస్త జరుగు" అని కిందనుంచి వినపడింది. చూస్తే ఎర్రటి పీత. కన్నంలోంచి అడ్డంగా నడుచుకుంటూ వచ్చింది. "నేను నీకు పీతలా కనిపిస్తాను గానీ, ఈ తీరరాజ్యం రాజకుమార్తెని. పేరు పగడవల్లి. ఘోరఘంటుణ్ని పెళ్లాడనన్నానని వాడు నన్నిలా చేశాడు. బుట్టలో ఏముంది?"

చినపాలుడు అంతా చెప్పాడు. పీత బుట్ట అంచు ఎక్కి పక్షిని చూసింది. "అంటే ఇది పోతే వాడూ పోతాడు. వాడు పోతే నా చేతులు నాకొస్తాయి. ఇంకో ఘడియ ఊరికే కూర్చుంటే చాలు."

చినపాలుడు బుట్టని గుండెకి హత్తుకున్నాడు. "నేనలా కూర్చోలేనండీ. దీనికి మాటిచ్చాను."

"కూర్చోమన్నానా? ఉన్న సంగతి అన్నాను" అని పీత విసుక్కుంది. "చిన్నప్పుడు ఇలాంటివాటిని మేడమీదనుంచి చూసేదాన్ని. కెరటాల మీద పరిగెత్తి లేచేవి. దీన్ని ఎండగట్టి తెచ్చుకున్న చేతులు నాకెందుకు? లే. నేను ఇందాకటినుంచీ చూస్తున్నాను, నువ్వు ముందుకి నడిస్తేనే సముద్రం వెనక్కి పోతోంది. నేను నడిస్తే కదలడం లేదు. వాడు ముందుకి వేసే అడుగుకే మంత్రం కట్టాడు. అడ్డంగా నడువు, నాలాగా!"

చినపాలుడు భుజం సముద్రం వైపు తిప్పి, మోకాళ్లు వంచి, బుట్ట పట్టుకుని అడ్డంగా అడుగు వేశాడు. సముద్రం అతన్ని చూసింది. ఇతను వస్తున్నాడా, పోతున్నాడా, దానికి అర్థం కాలేదు. కదలకుండా నిలబడిపోయింది. "మోకాళ్లు ఇంకా వంచు! అబ్బ, నడకంటే అదా! పీతలు నవ్విపోతాయి" అని పగడవల్లి పక్కనే పరిగెడుతూ తిట్టింది. అలా అడ్డంగా, అడ్డంగా నడిచి చినపాలుడు మోకాళ్లలోతు నీళ్లలోకి వెళ్లాడు.

పక్షిని రెండు చేతుల్లోకి తీసి పైకెత్తాడు.

"విసరకు!" అని పీత అరిచింది. "మీ ఇంట్లో అందరికీ అదే పిచ్చా? గాలి ఎదురొచ్చేలా తిరుగు. నీళ్లమీద పెట్టు. చేతులు మెల్లిగా కిందనుంచి తీసెయ్. తీశాక వెనక్కి జరిగి, నోరు మూసుకుని నిలబడు."

చినపాలుడు అలాగే చేశాడు. చేతులు తీయడమే అన్నిటికన్నా కష్టమనిపించింది. పక్షి నీళ్లమీద ఎండాకులా ఊగింది. ఒక కెరటం వచ్చి వీపు తడిపింది. ఇంకో కెరటం వచ్చి మెడ తడిపింది. మూడో కెరటానికి పక్షి కళ్లు తెరిచింది. ముక్కు ముంచి ఒక గుక్క తాగింది. రెక్కలు విదిలించి చినపాలుడి ముఖమంతా ఉప్పునీళ్లు చల్లింది. ఉన్నట్టుండి బుడుంగున మునిగింది. తేలితే నోట్లో తెల్లటి చేప! అదేనా చేప అని చినపాలుడు చూసేలోపు మింగేసింది. మళ్లీ మునిగింది, రెండో చేప. మళ్లీ మునిగింది, మూడో చేప.

మెట్టసీమ భోజనశాలలో ఘోరఘంటుడు అక్కడికి మూడు రోజులుగా తింటున్నాడు. మూడో చేప దిగేసరికి కడుపులో ఏదో కదిలింది. కళ్లు పెద్దవయ్యాయి. త్రేన్చాడు! కిటికీలు అదిరాయి, పావురాలు లేచాయి, రాజుగారి కిరీటం పక్కకి ఒరిగింది. గుమ్మం దగ్గర వీరన్న పరవశించి తలుపులు బార్లా తెరిచాడు. పేరిందేవి గరిటె కిందపెట్టి, "నా జన్మ తరించింది" అని కళ్లు తుడుచుకుంది.

మాంత్రికుడు బయటికి దూకి, కర్ర ఎత్తి, కోటని రాయి చేసే మంత్రం అందుకున్నాడు. అక్కడ పక్షి మునిగింది. ఇక్కడ అతని నోటినిండా ఉప్పునీళ్లు. ఉమ్మేసి మళ్లీ అందుకున్నాడు. పక్షి మళ్లీ మునిగింది. మూడోసారి మొదలుపెడితే ముక్కులోంచి కూడా వచ్చాయి. మూడేళ్లు పంజరంలో ఎండిన పక్షి, ఇప్పుడు రోజుకి మూడువందల సార్లు మునుగుతుంది. ఏ మంత్రం పూర్తవుతుంది? కొత్తవి పుట్టలేదు సరికదా, ఇతరుల మీద వేసిన పాతవి కూడా నాని ఊడిపోయాయి. ఒడ్డున పీత ఉన్నచోట పగడవల్లి నిలబడి, తన చేతుల వేళ్లు ఒక్కొక్కటే ముడిచి చూసుకుని, ఎక్కి ఎక్కి ఏడ్చి, తర్వాత చినపాలుడికేసి తిరిగి, "నువ్విప్పుడు మామూలుగా నడవచ్చు" అంది.

పక్షి నీళ్లమీద నాలుగు గంతులు పరిగెత్తి గాలిలోకి లేచింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని చినపాలుడు చూశాడు. చూడలేదు. అతనికి కొంచెం బాధేసింది, చెప్పలేనంత సంతోషమూ వేసింది. అన్ని ప్రశ్నలు అడిగినవాడు దాని పేరు అడగడం మరిచిపోయాడు.

చినపాలుడికీ పగడవల్లికీ పెళ్లయింది. పేరిందేవి వంట. తీరరాజ్యం వాళ్లు పదిహేను రోజులదాకా ఇళ్లకి వెళ్లలేకపోయారు. పెళ్లికూతురు ఏడడుగుల్లో మూడు అడ్డంగా వేసిందని పురోహితుడు గొణిగాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు. రెండు రాజ్యాలూ ఒకటయ్యాయి. వాళ్లు మనవలూ మునిమనవలూ కలిగేదాకా ఏలారు. సభలో ఏ తగువు వచ్చినా చినపాలుడు ముందు "నీకేం కావాలి?" అని అడిగేవాడు. సగం తగువులు అక్కడే తెగిపోయేవి.

మరి ఘోరఘంటుడు? పడుతూ లేస్తూ సముద్రానికి వచ్చి చినపాలుడి కాళ్లు పట్టుకున్నాడు. "దాన్ని పిలిపించు బాబూ! వలలో పడుతుందో, సొరచేప మింగుతుందో! నా ప్రాణం అందులో ఉంది!" అని మొత్తుకున్నాడు. పిలవడానికి పేరు లేదు. ఆకాశంలో చూస్తే అలాంటివి వేలకివేలు, అన్నీ నల్లటి వీపులే, అన్నీ తెల్లటి పొట్టలే. ఇక అతనికి ఇల్లూ వాకిలీ ఆ ఒడ్డే అయింది. జాలర్లని బతిమాలి చిరిగిన వలలు ఏరేవాడు. గాలివాన వెలిసిన ప్రతి పొద్దునా బుట్ట, తడిగుడ్డ పట్టుకుని ఊళ్లమీద పడి, మెట్టల్లో, చేలల్లో, దొడ్లలో, ఎక్కడ ఏ సముద్రపక్షి కూలబడి ఉన్నా ఎత్తుకొచ్చేవాడు. మోకాళ్లలోతు నీళ్లలో గాలికి ఎదురుగా తిరిగి, మెల్లిగా చేతులు తీసేవాడు. ఏది తనదో అతనికి తెలియదు. అందుకని ఒక్కదాన్ని కూడా వదిలేవాడు కాడు.

కథ ఎగిరిపోయింది. ఇక మీరు దుప్పట్లోకి మునగండి.